కీ వదిలితే ఆగిపోయే ఇంజిన్

కీ తిప్పి పట్టుకున్నంతసేపూ ఇంజిన్ అందుకుంటోంది. చెయ్యి వదిలితే ఠక్కున ఆగిపోతోంది. మళ్లీ తిప్పితే అందుకుంటుంది, వదిలితే ఆగిపోతుంది. జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం లేక్ లేనియర్ మధ్యలో, పిల్లలిద్దరూ లైఫ్ జాకెట్లు వేసుకుని వెనక సీట్లోంచి నా మొహంలోకి చూస్తుండగా పది సార్లు ఇదే జరిగింది. చివరికి ఎవరో పుణ్యాత్ముడు తన బోటుకి మా తాడు కట్టుకుని ఒడ్డుదాకా లాక్కొచ్చాడు.

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన, కమింగ్‌లో. చట్టహూచీ నదికి బ్యూఫర్డ్ డ్యామ్ కట్టగా ఏర్పడిన ఈ చెరువు మా ఇంటికి పావుగంట దూరం. గోదావరి పక్కన పుట్టినవాడికి నీళ్లు ఇంత దగ్గరగా ఉంటే చూస్తూ ఊరుకోవడం కష్టం. అందుకే రెండేళ్ల కిందట 1988 మోడల్ స్కీ బోటు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇన్‌బోర్డ్. అంటే ఇంజిన్ వెనక వేలాడదు, బోటు నడుమ పెట్టె కింద కూర్చుంటుంది. దాన్నుంచి షాఫ్టు అడుగులోంచి బయటికి వెళ్లి ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. 5.7 లీటర్ల జీఎం వీ8 బ్లాక్, నాలుగు బ్యారెళ్ల కార్బొరేటర్, పాత పద్ధతి పాయింట్ల ఇగ్నిషన్. పాయింట్లంటే డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటుని తెంచే చిన్న స్విచ్చు; తెంచినప్పుడల్లా కాయిల్ ప్లగ్గుకి నిప్పు ఇస్తుంది.

దీనికి రెండో జబ్బు కూడా ఉంది. 3,100 ఆర్పీఎం దాటితే ఎవరో గొంతు నొక్కినట్టు నీరసపడిపోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఇది 4,400 దాకా వెళ్లాలి. రెండు జబ్బులకీ కారణం ఒకటే అనుకోవడం నేను చేసిన మొదటి తప్పు. ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు, రోటరు కొత్తవి వేశాను. 240 డాలర్లు పోయాయి గానీ జబ్బు కదల్లేదు. దగ్గర్లో ఒక షాపువాళ్లని అడిగితే ఇంజిన్ మూత కూడా తీయకుండానే కార్బొరేటర్ మార్చాలన్నారు.

ఆ రాత్రి మావయ్యకి ఫోన్ చేశాను. మా మావయ్య సఖినేటిపల్లి రేవులో సరంగు. వశిష్ఠ గోదావరి మీద నరసాపురం వైపుకి పంటు నడుపుతాడు. ఆయనవన్నీ డీజిల్ ఇంజిన్లు. ప్లగ్గుండదు, కాయిలుండదు. అయినా విషయం విని ఒకటే ప్రశ్న వేశాడు.

"అల్లుడూ, చచ్చేటప్పుడు ఎలా చస్తందిరా? దీపం ఆర్పినట్టా, నూనె అయిపోయినట్టా?"

"కీ వదిలినప్పుడైతే దీపం ఆర్పినట్టే, మావయ్యా. స్పీడులో అయితే నూనె అయిపోయినట్టు మెల్లిగా."

"మరయితే రెండూ వేరే వేరే. విడివిడిగా చూసుకో."

నెల రోజులుగా నాకు తట్టనిది అదే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మనం స్కూటర్ స్టార్ట్ కాకపోతే ఏం చేసేవాళ్లం? ప్లగ్ ఊడదీసి, కేబుల్‌కి తగిలించి, ఇంజిన్ హెడ్‌కి ఆనించి కిక్ కొట్టి నీలం నిప్పు పడుతోందా అని చూసేవాళ్లం. ఆ పని బోటులో చెయ్యకండి. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు. రోడ్డు మీద అది చెదిరిపోతుంది, బోటులో అడుగున గుంటలో పేరుకుని కూర్చుంటుంది. అందుకే స్టార్ట్ చేసేముందు నాలుగు నిమిషాలు బ్లోయర్, అంటే ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, వెయ్యమని స్విచ్ పక్కనే రాసి ఉంటుంది. నేను బ్లోయర్ వేశాక కూడా మూత ఎత్తి, వంగి, వాసన చూస్తాను. నిప్పు చూడాలంటే ప్లగ్గుకీ వైరుకీ మధ్య పెట్టే, లోపల్లోపలే వెలిగే టెస్టర్ వాడతాను. కారు సామాన్ల షాపులో అచ్చం ఇలాంటి డిస్ట్రిబ్యూటర్, సెల్ఫ్ మోటారు సగం ధరకే దొరుకుతాయి. అవీ వద్దు. మెరైన్‌వాటిలో లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరికి అంటుకోకుండా కట్టుదిట్టం చేస్తారు, కారువాటిలో అది ఉండదు. ఆ కాస్త డబ్బు కోసం పిల్లల్ని ఎక్కించుకునే బోటులో నిప్పుతో పేచీ పెట్టుకోలేను.

ముందు దీపం సంగతి. ఈ పాత ఇగ్నిషన్‌లో కాయిల్‌కి కరెంటు రెండు దారుల్లో వస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్టార్టర్ సాలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్చు) దగ్గర్నుంచి బ్యాటరీ వోల్టేజి నేరుగా వస్తుంది. కీ వదిలాక ఆ దారి మూసుకుపోతుంది. అప్పటినుంచి డాష్‌బోర్డులోని కీ స్విచ్ మీదుగా, ఊదారంగు వైరులో, రెసిస్టర్ దాటుకుని తక్కువ వోల్టేజి వస్తుంది. కీ పట్టుకుంటే నడిచి, వదిలితే ఆగిపోతోందంటే కాయిలూ పాయింట్లూ పనిచేస్తున్నట్టే. పోయింది రెండో దారి. ఇది ముందే తెలిసుంటే క్యాపూ రోటరూ కొనేవాణ్ని కాదు.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే ఈ జబ్బు వస్తోంది కాబట్టి డాక్ దగ్గర అరగంట నడిపి, ఆపి, మల్టీమీటర్ తీశాను. క్యాపు తీసి, సెల్ఫ్‌ని చిన్నచిన్నగా తట్టి, పాయింట్లు మూసుకున్న చోట ఆపాను. అది ముఖ్యం. పాయింట్లు తెరుచుకుని ఉంటే కరెంటు పారదు, ఎక్కడ కొలిచినా పూర్తి బ్యాటరీ వోల్టేజే చూపించి మనల్ని మోసం చేస్తుంది. కీ ఆన్ చేస్తే కాయిల్ ప్లస్ దగ్గర 3.8 వోల్టులు. ఉండాల్సింది ఆరు, ఏడు. అక్కణ్నుంచి వైరు వెంబడే వెనక్కి వెళ్లాను. డాష్‌బోర్డు వైర్లన్నీ ఇంజిన్ వైర్లతో కలిసే చోట గుండ్రటి పెద్ద ప్లగ్ ఒకటి ఉంది. దానికి డాష్ వైపు ఊదా వైరులో 12.1. ఇంజిన్ వైపు అదే వైరులో 7.6.

నాలుగున్నర వోల్టులు ఆ ఒక్క పిన్నులోనే మాయమైపోతున్నాయి.

బ్యాటరీ వైరు ఊడదీసి ప్లగ్ విడదీశాను. మిగతా పిన్నులు ఇత్తడి రంగులో ఉన్నాయి. ఈ పిన్ను మాత్రం పాత రాగిచెంబులా పచ్చగా చిలుం పట్టి ఉంది, చుట్టూ నల్ల రబ్బరు కరిగి మైనంలా నున్నగా అయింది. వేలితో ముట్టుకుంటే కొంచెం ఊగింది. వేడెక్కిన కొద్దీ పట్టు వదిలేస్తోంది. ప్లగ్ రెండు వైపులూ కొత్తది వేశాను. కాయిల్ దగ్గర ఆరు వోల్టులు వచ్చాయి. పాయింట్ల గ్యాప్ ఫీలర్ గేజ్‌తో 16 థౌలకి (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సరిచేశాను. ఆ రోజు వేడిమీద పదిహేను సార్లు ఆపి స్టార్ట్ చేశాను, ప్రతిసారీ నిలబడింది.

3,100 దగ్గర నీరసం మాత్రం అలాగే ఉంది. మావయ్య చెప్పినట్టే.

ఇక్కడ ఆర్పీఎం మీటరే సాక్ష్యం చెబుతుంది. దానికి సంకేతం కాయిల్ మైనస్ నుంచి బూడిదరంగు వైరులో వస్తుంది. కరెంటు తెగితే, ఇంజిన్ ఇంకా తిరుగుతుండగానే ముల్లు ఒక్కసారిగా కింద పడిపోతుంది. నాకు ముల్లు ఇంజిన్‌తో పాటే నింపాదిగా దిగుతోంది. ప్లగ్గులు తీసి చూస్తే పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పెట్రోల్ చాలట్లేదు. ఫ్యూయల్ పంపు నుంచి కార్బొరేటర్‌కి, పెట్రోల్ గొట్టం కాకుండా, వేరేగా వెళ్లే చిన్న పారదర్శక గొట్టం ఒకటుంటుంది. అందులో పెట్రోల్ కనబడితే పంపు లోపలి పొర, డయాఫ్రం, చినిగినట్టు. అది పొడిగానే ఉంది. ఫిల్టర్ కొత్తదే.

ఔట్‌బోర్డులకి వాడే ఆరు గ్యాలన్ల ఎర్ర ట్యాంకు ఒకటి ఎరువు తెచ్చి, బోటు ట్యాంకుని తప్పించి దాన్నుంచి పంపుకి నేరుగా కలిపాను. నా స్నేహితుడు స్టీరింగ్ పట్టుకున్నాడు, నేను గొట్టం కీళ్లు కారకుండా చూస్తూ కూర్చున్నాను. థ్రాటిల్ పూర్తిగా తోస్తే 4,350. కార్బొరేటర్ మార్చాల్సిన పనే లేదు. లోపం పంపుకి వెనక, ట్యాంకు వైపు ఉంది.

ట్యాంకు మీద పెట్రోల్ బయటికొచ్చే చోట బొటనవేలంత ఇత్తడి వాల్వ్ ఉంటుంది. లోపల స్ప్రింగు, గోళీ. గొట్టం ఎక్కడైనా తెగితే ట్యాంకంతా బోటు అడుగుకి కారిపోకుండా అది ఆపుతుంది. దాన్ని విప్పితే గోళీ పక్కన నల్లటి పొర ఒకటి ఇరుక్కుని ఉంది, గోరంత. ఇక్కడి పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత గొట్టం లోపలి పొర దానికి నాని, పెచ్చులూడి వచ్చి ఇక్కడ చిక్కుకుంది. మెల్లిగా నడిపేటప్పుడు సరిపోయే ధార స్పీడులో చాలట్లేదు. ఈ వాల్వ్ తీసి పారేసి నడిపేవాళ్లున్నారు. నేను కొత్తది వేశాను. గొట్టం కూడా ఏ1 అని ముద్ర ఉన్న మెరైన్ గొట్టం మార్చాను.

నిన్న సాయంత్రం ఫుల్ థ్రాటిల్ చప్పుడు రికార్డు చేసి మావయ్యకి పంపాను. కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది: "బాగుందిరా. ఊపందుకునేప్పుడు ఒక దెబ్బ తడబడతంది, విన్నావా?"

నేను వినలేదు. మూడు సార్లు పెట్టుకుని వింటే అప్పుడు తెలిసింది. ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2. అయిదు, ఏడు పక్కపక్క సిలిండర్లు, పేలేది కూడా ఒకదాని వెంట ఒకటి. వాటి ప్లగ్ వైర్లు ఆనుకుని సమాంతరంగా వెళ్తే ఒకదాని కరెంటు రెండోదాంట్లో పుట్టి, ఏడు ముందే పేలుతుంది. మూత ఎత్తి చూస్తే ఆ రెంటినీ కలిపి ఒకే క్లిప్పులో బిగించింది నేనే, కొత్త క్యాపు వేసిన రోజు. ఇవాళ విడదీసి దూరంగా వేరే క్లిప్పులు పెట్టి, మళ్లీ నడిపి, మళ్లీ రికార్డు చేసి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు. అక్కడ ఇప్పుడు తెల్లవారుతోంది, పంటు మొదటి ట్రిప్పు వేళ.