పొరపాటున ఎంపికయ్యానన్న భయం

పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన నేను, నన్ను పొరపాటున ఎంపిక చేశారనీ, ఏదో ఒక సమావేశంలో నా బండారం బయటపడుతుందనీ రెండేళ్లపాటు లోలోపల వణికేవాణ్ణి. ఈ భావానికి 1978లోనే అమెరికా మనస్తత్వవేత్తలు పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ ‘ఇంపోస్టర్ ఫినామినన్’ (అర్హత లేకున్నా ఉన్నట్టు నటిస్తున్నానన్న భావన) అని పేరు పెట్టారనీ, వారు దాన్ని గమనించినది చదువులోనూ వృత్తిలోనూ రాణించిన స్త్రీలలోనేననీ తెలిసి ఆశ్చర్యపోయాను. (ఇప్పుడు వినిపించే ‘ఇంపోస్టర్ సిండ్రోమ్’లోని ‘సిండ్రోమ్’ అన్న మాట తరువాత జనం తగిలించినదే.)

నాకు పనికొచ్చినది మాత్రం ఒక నోటుపుస్తకం. సాఫ్ట్‌వేర్‌లో నేను సరిచేసిన ప్రతి లోపాన్నీ, పట్టిన సమయాన్నీ, ఎవరి సాయం తీసుకున్నానో కూడా అందులో రాసేవాణ్ణి. పొగడ్తలన్నిటినీ అదృష్టం ఖాతాలో వేసే నా మనసు, నా చేతిరాతను కాదనలేకపోయింది. ఇంగ్లీషులో తడబాటు ఇప్పటికీ ఉంది; అయితే తెలియనిది తెలియదని చెప్పి ప్రశ్న అడగడానికి మునుపటిలా గొంతు ఎండిపోవడం లేదు.