కొత్త డాక్ పెట్టాక మొదలైన గుంయ్ శబ్దం: ఎర్త్ దగ్గర తేలిన నా అనుభవం

స్పీకరుకు చెవి ఆనించినా ఇప్పుడు గుంయ్‌మనడం లేదు. ట్వీటర్‌కు (స్పీకరులో పైస్థాయి పలికే చిన్న భాగం) అంగుళం దూరంలో సన్నటి సుయ్ తప్ప ఇంకేమీ వినపడదు. లక్షన్నర దాటిన డాక్ (డిజిటల్ పాటను యాంప్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) ఇలా పాడాలంటే టీవీ యూనిట్ వెనక మీటరు పొడవు పచ్చ ఎర్త్ వైరు వేయాల్సి వచ్చింది. దాన్ని కనిపెట్టేలోపు డీలర్ మనుషులు నాతో ఏమేం కొనిపించబోయారో తలుచుకుంటే ఇంకా మండుతోంది. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఇంటీరియర్ చేయించుకున్న ప్రతివాళ్ళూ ఇది చూసుకోవాలి కాబట్టి, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

సిస్టమ్ సంగతి ముందు చెప్తాను. వైట్‌ఫీల్డ్ వైపు ఫ్లాట్. ఇంటిగ్రేటెడ్ యాంప్, స్టాండ్ల మీద రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, పాత సీడీ ప్లేయర్. పాటలన్నీ పక్క గోడ దగ్గరున్న డెస్క్‌టాప్ పీసీలో ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించిన) ఫైళ్ళుగా ఉన్నాయి.

డాక్ ఎంచుకోవడంలో చిప్ పేరు చూసి మురిసిపోనక్కర్లేదు. ఈఎస్ఎస్, ఏకేఎం కంపెనీల చిప్ అయినా, రెసిస్టర్ల వరసతో కట్టిన ఆర్-టూ-ఆర్ ల్యాడర్ అయినా ఆ ధరలో అన్నీ బాగానే కొలతకు నిలుస్తాయి. తేడా ఎక్కువగా పవర్ సప్లైలో, క్లాక్‌లో, అవుట్‌పుట్ స్టేజ్‌లో ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు రెండు చూసుకోవాలి. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయొకాలో ఏకేఎం ఫ్యాక్టరీ కాలిపోయాక చిప్‌లు దొరక్క కొన్ని కంపెనీలు చిప్ మార్చి, పేరు దాదాపు అదే ఉంచాయి. కాబట్టి ఏ వెర్షనో అడగండి. రెండోది, జపాన్ నుంచి వచ్చిన పెట్టె 100 వోల్ట్‌లది కావచ్చు. వెనక ప్లేటు మీద 230 అని లేకపోతే, లోపల మార్చుకునే వీలూ లేకపోతే వదిలేయండి.

షోరూంలో పోల్చి వినిపించే పద్ధతి మీద ఒక మాట చెప్పకుండా ఉండలేను. పాత సీడీ ప్లేయర్ ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు గుండ్రటి ప్లగ్‌ల మామూలు కనెక్షన్) అవుట్‌పుట్ 2 వోల్ట్‌లు ఉంటుంది. కొత్త డాక్ 2.5 ఇస్తే దాదాపు 2 డెసిబెల్స్ ఎక్కువ. అదే డాక్‌ను ఎక్స్‌ఎల్‌ఆర్ (సిగ్నల్‌కు రెండు తీగలు, గ్రౌండ్ విడిగా ఉండే మూడు పిన్నుల కనెక్షన్) నుంచి 4 వోల్ట్‌లతో వినిపిస్తే 6 డెసిబెల్స్ ఎక్కువ. వాల్యూమ్ నాబ్ ముట్టుకోకుండా ఇన్‌పుట్ మార్చి "చూశారా సార్, ఎంత ప్రాణం వచ్చిందో" అంటారు. వచ్చింది వాల్యూమ్, ప్రాణం కాదు. మల్టీమీటర్ జేబులో పెట్టుకుని వెళ్ళండి. 100 నుంచి 400 హెర్ట్జ్ మధ్యలో ఒక టోన్ వేయించి, స్పీకర్ టెర్మినళ్ళ దగ్గర ఏసీ వోల్టేజ్ కొలిచి, రెండూ ఒక శాతం లోపు కలిసేదాకా నాబ్ తిప్పించండి. ఒక శాతం అంటే 0.1 డెసిబెల్‌కు కాస్త తక్కువే. 400 హెర్ట్జ్ దాటితే చౌక మీటర్లు తప్పు చూపిస్తాయి, అందుకే కింది టోన్ అడగాలి. ఒప్పుకోని షాపులో కొనకండి.

సాఫ్ట్‌వేర్ పని తేలిక. విండోస్ 10లో 2017 నుంచి యూఎస్‌బీ ఆడియో 2 డ్రైవర్ లోపలే ఉంది. మామూలు షేర్డ్ మోడ్‌లో విండోస్ అన్నిటినీ ఒకే శాంపుల్ రేటుకు మార్చేస్తుంది కాబట్టి ఫూబార్ ప్లేయర్‌లో వాసాపీ ఎక్స్‌క్లూజివ్ (పాటను మార్చకుండా నేరుగా డాక్‌కు పంపే పద్ధతి) పెట్టుకోవాలి. 44.1 కిలోహెర్ట్జ్ ఫైలు వేస్తే డాక్ డిస్‌ప్లేలో 44.1 అని రావాలి, అంతే. కేబుళ్ళు బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్డులో చేయించుకున్నాను. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 1 గ్రౌండ్, 2 హాట్, 3 కోల్డ్. తెచ్చుకోగానే కంటిన్యుటీ కొలుచుకోవాలి.

ఇక అసలు బాధ.

డాక్ పెట్టి యూఎస్‌బీ గుచ్చిన క్షణం నుంచి రెండు స్పీకర్లలోనూ గుంయ్. మెత్తటి 50 హెర్ట్జ్ కాదు, దాని మీద జుయ్ అని గరుకు కూడా ఉంది. పాట ఆపితే గది అంతా అదే. ఒక్కొక్కటే విడదీస్తూ చూశాను. యాంప్ ఒక్కటే ఉంటే నిశ్శబ్దం. ఆర్‌సీఏతో డాక్ కలిపినా నిశ్శబ్దమే. యూఎస్‌బీ పెడితే గుంయ్. దాని బదులు పీసీ నుంచే ఆప్టికల్ (కాంతితో సిగ్నల్ పంపే కేబుల్) పెడితే పోతుంది. బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ ఇచ్చినా పోతుంది.

ఇంతవరకు విని డీలర్ టెక్నీషియన్ తీర్పు చెప్పేశాడు. "ఇంత రివీలింగ్ డాక్ కదా సార్, మీ పీసీలో చెత్తంతా బయటపెడుతోంది. మీ పాత సీడీ ప్లేయర్‌కు అది వినిపించే శక్తే లేదు." మందు కూడా తనే చెప్పాడు: వెండి యూఎస్‌బీ కేబుల్, పవర్ కండిషనర్, లావుపాటి పవర్ కార్డ్. అన్నీ కలిపితే డాక్ ధరలో సగం. పీసీ షట్‌డౌన్ చేసి, సాకెట్ స్విచ్ కూడా ఆపినా గుంయ్ అలాగే ఉందని చూపించాను. ఆగిపోయిన పీసీలో చెత్త ఎక్కడినుంచి వస్తుందని అడిగితే జవాబు లేదు, ఇంట్లోవాళ్ళ ముందు "సార్ మరీ ఎక్కువ వింటున్నారు" అని ఒక నవ్వు. పీసీ ప్లగ్ పూర్తిగా పీకితేనే శబ్దం ఆగేది. మన సాకెట్ స్విచ్ ఫేజ్‌ను మాత్రమే తెంపుతుంది, ఎర్త్ పిన్ తగులుకునే ఉంటుంది. అంటే గొడవ పీసీ నడవడంలో లేదు, ఎర్త్‌లో ఉందని అక్కడే తెలిసిపోవాలి. ఆడియో టెక్నీషియన్ అని చెప్పుకునేవాడికి తెలియకపోవడం నాకు మింగుడుపడలేదు.

వెళ్తూ వెళ్తూ అతను ఇచ్చిన సలహా అన్నిటికంటే ఘోరం. "పీసీ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయండి సార్, శబ్దం పోతుంది." నిజమే, పోతుంది. కానీ ఇనుప బాడీ ఉన్న యాంప్‌లో ఎప్పుడైనా ఫేజ్ వైరు ఊడి బాడీకి తగిలితే, ఆ 230 వోల్ట్‌లు ఎర్త్‌లోకి పోయి ఎంసీబీ పడటానికి దారి ఉండదు. కేబుళ్ళ షీల్డ్ (తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక) ద్వారా అన్ని పెట్టెల బాడీలకూ పాకి, చిన్నపిల్లలు ముట్టుకునేదాకా అక్కడే కాచుకుని ఉంటాయి. ఎర్త్ పిన్ విరగ్గొట్టమనే మనిషిని ఇంట్లోకి రానివ్వకండి. పాట కోసం ప్రాణం పణంగా పెట్టమని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

తరవాత అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్ వచ్చాడు, మదనపల్లె వైపు అబ్బాయి. ముందు టెస్టర్ పెట్టి "లైటు వెలుగుతోంది కదన్నా" అన్నాడు. టెస్టర్ ఫేజ్ ఉందని చెప్తుంది తప్ప ఎర్త్ గురించి ఏమీ చెప్పదు. మీటర్ పెట్టించాను. టీవీ యూనిట్ బోర్డులో ఫేజ్-న్యూట్రల్ 231, ఫేజ్-ఎర్త్ 229, న్యూట్రల్-ఎర్త్ 2. పాఠం ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "ఎర్త్ సూపర్‌గా ఉందన్నా" అని వెళ్ళబోయాడు. ఇదే నన్ను అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టింది.

యాంప్ బాడీ మీద వేలి వెనక భాగం రాస్తే, యూఎస్‌బీ పీకినప్పుడు మాత్రమే జివ్వుమనేది. అది పట్టుకుని, "అన్ని సిగ్నల్ కేబుళ్ళూ పీకేసి మళ్ళీ కొలువు తమ్ముడూ" అన్నాను. ఈసారి ఫేజ్-ఎర్త్ 118, న్యూట్రల్-ఎర్త్ 113.

ఆ సగం సగం అంకె చూస్తే జబ్బు అదే చెప్పేస్తుంది. టీవీ, డాక్ లాంటివాటి పవర్ సప్లైలో ఫేజ్ నుంచి ఎర్త్‌కు ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు ఒకటి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి లీకేజీ నేలలోకి పోతుంది. ఎర్త్ తెగితే వాటి నడిమి చుక్క మెయిన్స్‌లో సగం దగ్గర తేలుతూ ఉంటుంది, దానితోపాటే మన పెట్టెల బాడీలు కూడా. 2.2 నానోఫారడ్ కెపాసిటర్ ఒక్కటి 230 వోల్ట్‌ల దగ్గర 0.16 మిల్లీఆంపియర్ మాత్రమే వదులుతుంది. నాలుగైదు పెట్టెలది కలిసినా 30 మిల్లీఆంపియర్ ఆర్‌సీసీబీ (లీకేజీ పసిగట్టి కరెంటు ఆపే స్విచ్) కదలదు. అందుకే ఇన్నాళ్ళూ ఏదీ ట్రిప్ కాలేదు.

మరి ముందు కొలిచినప్పుడు సరిగ్గా ఎందుకుంది? పీసీ ఉన్న పక్క గోడ బోర్డులో ఎర్త్ బాగుంది. యూఎస్‌బీ పెట్టగానే టీవీ యూనిట్‌లోని పెట్టెలన్నిటికీ ఆ కేబుల్ షీల్డే ఎర్త్ వైరయింది. వాటన్నిటి లీకేజీ ఆర్‌సీఏ షీల్డ్, డాక్, యూఎస్‌బీ షీల్డ్ మీదుగా పీసీ ఎర్త్‌లోకి పోతోంది. ఆర్‌సీఏలో షీల్డే సిగ్నల్‌కు తిరుగుదారి కూడా కాబట్టి, అక్కడ పడే ప్రతి మిల్లీవోల్టూ యాంప్ పాటగానే పెంచుతుంది. కెపాసిటర్ల గుండా వచ్చే కరెంటులో పై హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కు రెట్లుగా ఉండే పై శబ్దాలు) ఎక్కువ, ఆ గరుకు అందువల్లే. పాత సీడీ ప్లేయర్‌ది రెండు పిన్నుల ప్లగ్, పీసీతో దానికి సంబంధమే లేదు. అందుకే అప్పుడు శబ్దం లేదు. ఎక్స్‌ఎల్‌ఆర్ వేస్తే గుంయ్ చాలావరకు తగ్గింది. కానీ అది జబ్బును కప్పిపెట్టడమే. ఏదైనా ఫాల్ట్ వస్తే ఆ కరెంటంతా వెంట్రుకంత యూఎస్‌బీ షీల్డ్ గుండా పోయి, డాక్‌ను కాల్చేసి పోయేది.

టీవీ యూనిట్ వెనక ప్లైవుడ్ విప్పితే కారణం కనపడింది. ఇంటీరియర్ వాళ్ళు గోడలో ఉన్న పాత సాకెట్‌ను యూనిట్ ముందుకు తేవడానికి ఫేజ్, న్యూట్రల్ రెండే పొడిగించారు. బిల్డర్ వేసిన పచ్చ వైరు గోడ బాక్సులోనే మడిచి, టేపు చుట్టి వదిలేశారు. పైన మూడు రంధ్రాల మాడ్యులర్ సాకెట్ మాత్రం మెరిసిపోతోంది. ఆ కంపెనీ బిల్లులో ఎలక్ట్రికల్ పనికి విడిగా డబ్బు తీసుకుంది. మూడో రంధ్రం వెనక వైరు లేకుండా సాకెట్ బిగించడం నా దృష్టిలో మోసమే.

మెయిన్ ఆపి, 2.5 చదరపు మిల్లీమీటర్ల పచ్చ రాగి వైరు కనెక్టర్‌తో కలిపి, స్క్రూలు బిగించి, కేబుళ్ళు లేకుండానే మళ్ళీ కొలిచాం. 231, 230, 1. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ కూడా నొక్కి చూశాం. ఆ బటన్ ఆర్‌సీసీబీ పనితీరునే చెప్తుంది, ఎర్త్ ఉందో లేదో చెప్పదు, ఇది గుర్తుంచుకోండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూడటం లాంటివి ఎలక్ట్రీషియన్‌కే వదలండి.

గుంయ్‌లో తొంభై పాళ్ళు అక్కడే పోయింది. మిగిలింది మౌస్ కదిపితే కీచుమనే సన్న శబ్దం. అది నిజంగా పీసీదే, రెండు బోర్డుల ఎర్త్‌ల మధ్య లూప్ గుండా వచ్చేది. దీనికి దారులు కొన్ని ఉన్నాయి. ఆప్టికల్ అన్నిటికంటే చౌక, గాజో ప్లాస్టిక్కో కాబట్టి కరెంటు దారే లేదు, కానీ 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ దాటితే నమ్మలేం. యూఎస్‌బీ ఐసొలేటర్ కొంటే వేగం చూడండి. 12 మెగాబిట్ రకం కూడా దాదాపు 96 దగ్గరే ఆగుతుంది, యూఎస్‌బీ ఆడియో 2 మాత్రమే అర్థమయ్యే డాక్‌లు దానితో చాలావరకు పలకవు. 480 మెగాబిట్ రకం కావాలి, అది ఖరీదు.

నేను రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌లో మూడ్ ఆడియో అనే పాటల సాఫ్ట్‌వేర్ వేసి డాక్ పక్కనే పెట్టి, పీసీ నుంచి నెట్‌వర్క్ వైరులో పాటలు తెప్పించుకుంటున్నాను. ఈథర్‌నెట్ పోర్టులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి లూప్ తెగిపోతుంది. వైరు మాత్రం షీల్డ్ లేని మామూలుదే వాడాలి. ఇనుప కొనలున్న షీల్డెడ్ కేబుల్ వేస్తే తెంపిన లూప్‌ను మళ్ళీ కలిపినట్టే. రాస్ప్‌బెర్రీ పై 3లో ఈథర్‌నెట్, యూఎస్‌బీ ఒకే డేటా దారి (బస్) మీద నడుస్తాయి, 4 నుంచి విడిపోయాయి, కొనేటప్పుడు 4 తీసుకోండి. యాంప్, డాక్, రాస్ప్‌బెర్రీ పై, ఈ మూడూ ఒకే బోర్డు నుంచి తీసుకోవాలి. ఏసీ కోసం వేసిన 16 ఆంపియర్ సాకెట్‌లో యాంప్, వేరే గోడ సాకెట్‌లో డాక్ పెడితే రెండు సర్క్యూట్ల ఎర్త్‌ల మధ్య మళ్ళీ తేడా వస్తుంది.

ఎక్స్‌ఎల్‌ఆర్ 4 వోల్ట్‌లకు నా యాంప్‌లో నాబ్ గడియారం ముల్లులా ఎనిమిది గంటల దగ్గరే గది నిండిపోతోంది. ఆ కింది భాగంలో చాలా నాబ్‌లకు ఎడమ కుడి సమంగా ఉండవు. డాక్ మెనూలో అవుట్‌పుట్ 6 డెసిబెల్స్ తగ్గించాను, నాబ్ పది దగ్గరకు వచ్చింది. మెనూలో ఆ సౌకర్యం లేకపోతే కేబుల్ మధ్యలో పెట్టే 10 డెసిబెల్ అటెన్యుయేటర్లు దొరుకుతాయి.

ఇక ఏం మారింది? తంబుర నిలకడ, మృదంగం తొప్పి వైపు గుమ్‌కీ సాగి ఆగే తీరు, బాలమురళీకృష్ణ గారి మంద్రస్థాయి గొంతులోని గాలి, ఇవి స్పష్టంగా బాగుపడ్డాయి. పాత సీడీ ప్లేయర్‌తో వోల్టేజ్ కలిపి పోల్చే చెప్తున్నాను. తేడా ఉంది, కానీ స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపినప్పుడు వచ్చిన తేడా కంటే తక్కువ. ఘంటసాల కాలం మోనో పాటలకైతే దాదాపు ఏమీ మారలేదు. పాత టేపు సుయ్ (హిస్) తీయబోయి పైస్థాయి కూడా గీకేసిన సీడీల నుంచి ఏ డాక్ అయినా పోయినదాన్ని తేలేదు. ఆ పాటల కోసమే డాక్ కొనబోతుంటే ఆగండి, ఆ డబ్బు పాత రికార్డింగును చక్కగా డిజిటల్‌లోకి ఎక్కించిన ట్రాన్స్‌ఫర్ దొరికే చోట పెట్టండి.

అపార్ట్‌మెంట్ జనరేటర్ మీదకు మారినప్పుడు న్యూట్రల్-ఎర్త్ ఇంకోసారి కొలవండి, మా బ్లాకులో కాస్త పెరుగుతోంది. ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే కరెంటు పోయినప్పుడు యాంప్ ట్రాన్స్‌ఫార్మరే పెట్టెలోంచి గుర్రుమంటుంది. అది స్పీకర్లో వచ్చే గుంయ్ కాదు, దానికి ఎర్త్ వెతకనక్కర్లేదు, సైన్ వేవ్ ఇన్వర్టర్ కావాలి. ఏప్రిల్, మే ఉరుముల వానలప్పుడు ప్లగ్‌లు పీకేయండి, వాటితోపాటు నెట్‌వర్క్ వైరు కూడా.