పాట మీద రాసుండే ఆ చిన్న వరస

మా పదో తరగతి బ్యాచ్‌లో ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ల గురించి ఎవరో ఒకరు రాస్తారు. నేను మాత్రం హాస్టల్లో నా పక్క ట్రంకుపెట్టె వాడి గురించి రాస్తాను. వాడు కట్టిన క్రైస్తవ గీతాలు ఇవాళ ఎన్ని సంఘాల్లో పాడుతున్నారో వాడికే లెక్క తెలియదు. అవి మొలకెత్తింది మన ప్రార్థన హాల్లోనే. ఆ మాట మన పూర్వ విద్యార్థుల ఈ సంచికలో ఉండి తీరాలి.

వాళ్ల నాన్న పల్లెలో ఆదివారం ఆరాధనకి డోలక్ వాయించేవారు. తాళం వీడికి అక్కడే అబ్బింది. రాగం ఇక్కడ పట్టుకున్నాడు. మన హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే మళ్లీ లేచేది కాదు, గుర్తుందా? వీడు ఎడమచేత్తో తిత్తి ఊపుతూ, కుడిచేత్తో వాయిస్తూనే చిటికెనవేలి గోటితో దాన్ని పైకి లాగేవాడు. పాట ఆగేది కాదు.

తెలుగు మాస్టారు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిపించి, ముందు పాట మీదుండే రాగం, తాళం చదివించేవారు. ఆ పుస్తకంలో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారి కథ మాస్టారి నోటనే విన్నాం. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి త్యాగరాజస్వామి ఇంకా జీవించే ఉన్నారు. మనవాళ్ల చెవికి అలవాటైన ఆ కీర్తన పద్ధతిలోనే చౌదరిగారు క్రీస్తును పాడారు.

ఒకరోజు మాస్టారు బోర్డు మీద చౌదరిగారి పల్లవిలోంచి ‘త్రాహి’ అని, దాని కింద ‘దేహి’ అని రాసి, రెండో అక్షరాల చుట్టూ సున్నాలు చుట్టారు. “చూశార్రా, రెండుచోట్లా ‘హి’. ప్రాస కుదిరింది. అందుకే అక్షరం రాని ముసలమ్మకి కూడా నోటికొచ్చేస్తుంది.”

ఆ రాత్రే లెక్కల నోట్సు చివరి పేజీలో మావాడు మొదటి పాట రాశాడు. పొద్దున్నే తీసుకెళ్తే మాస్టారు కాగితం ముట్టుకోలేదు. “చదవను, పాడు” అన్నారు. పాడాడు. మూడో వరసలో ఊపిరి అందలేదు. “అక్కడ మాట పొడుగైందిరా. రాసిన నీకే దమ్ము చాలకపోతే పెద్దవాళ్లెలా పాడతారు? మార్చుకురా.” ఆ ఒక్క మాట కోసం వారం తిరిగాడు.

చదువయ్యాక యూత్ కూటాల్లో, కన్వెన్షన్లలో పాడుతూ తిరిగాడు. వాడి పాట మొదటిసారి క్యాసెట్‌లోకి ఎక్కినప్పుడు కవరు మీద వాడి పేరు వేయలేదు. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. వాడు కొన్ని నెలలు కలం పట్టలేదు. తర్వాత నాకొక ఇన్‌లాండ్ లెటరొచ్చింది. క్షేమసమాచారాలేం లేవు, కొత్త పల్లవి ఒక్కటే రాసి పంపాడు. పైన రాగం, తాళం.

మొన్న రీయూనియన్‌లో కొత్త పాట తెచ్చి మా అందరిచేతా పాడించాడు. రెండో చరణంలో నాకు ఊపిరాడక ఆగిపోయాను. వాడు ఏమీ అనలేదు. నా చేతిలో కాగితం తీసుకుని, జేబులోంచి పెన్ను తీసి, ఆ మాట కొట్టేశాడు.