గర్ర్‌మన్న చప్పుడు

రాత్రి పదకొండున్నర. కళ్ళు మూసుకుంటే ఆ చప్పుడే. గర్ర్‌మని, చిన్నాడు నిద్రలో పళ్ళు కొరికినట్టు. ఇంక పడుకుని లాభం లేదని లేచి కూర్చున్నాను.

పొద్దున మా పదకొండేళ్ళ డీజిల్ సెడాన్‌లో, అంటే వెనక డిక్కీ విడిగా ఉండే ఎత్తు తక్కువ కారులో, వనభోజనాలకి బయల్దేరాం. స్టీరింగు దగ్గర నేను, పక్కన ఈయన, వెనక అత్తయ్య, చిన్నాడు, వాళ్ళిద్దరి మధ్య మూత సరిగ్గా పట్టని పులిహోర గిన్నె. డిక్కీలో చాపలు, నీళ్ళ క్యాను, అత్తయ్య మడత కుర్చీ. గేటు దాటగానే అసోసియేషన్ వాళ్ళు మొన్న రాత్రికి రాత్రి వేయించిన కొత్త స్పీడ్ బ్రేకరు. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. హమ్మయ్య అనుకునే లోపు బండి కడుపు దాని మీద ఆనింది. "ఎవరమ్మా అది, కింద నుంచి తిట్టారు?" అన్నారు అత్తయ్య.

అందరూ దిగాల్సి వచ్చింది. అత్తయ్య పట్టుచీరలో, పులిహోర గిన్నె పొట్టకి ఆనించుకుని రోడ్డు మీద నిలబడ్డారు. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి "క్రాస్ కొట్టుండ్రి మేడమ్, ఒక్కో చక్రం ఎక్కించుండ్రి" అని చేతులూపుతున్నాడు. వెనక రెండు పెద్ద బండ్లు, హారన్లు. ఎలాగో దాటించాను. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు గేటు కనపడగానే, ఎవరూ చెప్పకుండానే, అత్తయ్య "ఆపమ్మా, దిగుతా" అన్నారు. పొద్దుటి చప్పుడు కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఉసిరిచెట్టు కింద భోజనం బాగుంది. పులిహోర ఒలకలేదు. దాని గురించి ఇంకోరోజు రాస్తాను, ఇప్పుడు మూడ్ లేదు.

ఎందుకంటే వచ్చాక ఫ్లాట్స్ గ్రూపులో మర్యాదగానే పెట్టాను, బ్రేకరు ఎత్తు కాస్త తగ్గించండీ అని. జవాబు: "మేడమ్, ఇప్పుడు అందరివీ ఎస్‌యూవీలే కదా, ఎవరికీ ప్రాబ్లమ్ రాలేదు. సెడాన్ వాళ్ళు కొంచెం అడ్జస్ట్ అవ్వండి." చివర రెండు దణ్ణాలు. ఆ దణ్ణాల బొమ్మ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందరివీనా? సెల్లార్లోకి వెళ్ళి లెక్కపెట్టాను. సెడాన్లు ఆరు. అందులో ఒకటి కవరు కప్పుకుని రెండేళ్ళుగా కదల్లేదు, సరే, ఐదనుకుందాం. ఐదు ఇళ్ళవాళ్ళు మెయింటెనెన్సు కట్టట్లేదా?

ఇంతటితో ఊరుకోలేదు నేను. చిన్నాడి స్కేలు, నా కుట్టుమిషను టేపు పట్టుకుని గేటు దగ్గర కూర్చుని బ్రేకరుని కొలిచాను. ఎత్తు 13 సెంటీమీటర్లు. వెడల్పు అడుగున్నర. రోడ్ల కొలతలకి రూల్సు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి, అంటే బండి దాని మీద పాకినట్టు ఎక్కి దిగిపోవాలి. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో వెళ్ళినా ఒళ్ళు కుదపకూడదు. మాది బ్రేకరు కాదు, పొలం గట్టు. ఫోటో తీసి గ్రూపులో పెట్టబోతుంటే ఈయన ఫోను లాక్కున్నారు.

"బ్రేకరుతో గొడవెందుకు, బండి మార్చేద్దాం" అన్నారు. ఈ మాట దసరా నుంచి నడుస్తోంది మా ఇంట్లో. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గినప్పటి నుంచీ వాళ్ళ ఆఫీసులో ఎవరో ఒకరు కొత్త తాళం చెవి ఊపుకుంటూ వస్తున్నారట. చిన్న పెట్రోలు బండ్లకి, అంటే నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు వాటికి, 18 శాతం అయింది. నాలుగు మీటర్లు దాటిన సెడాన్‌కి 40 శాతం. ఇంతకు ముందు సెస్సుతో కలిపి 45 ఉండేది కాబట్టి తగ్గినట్టే లెక్క. కానీ కూల్‌డ్రింకుల శ్లాబులోకి వచ్చి కూర్చున్నాం.

పోయిన నెల మొహమాటానికి నాలుగు షోరూములు తిరిగాం. నేను పెట్టిన షరతు ఒక్కటే, సెడానే కావాలి. తిరిగాక తెలిసింది, ఈ సైజు సెడాన్‌లో డీజిల్ అన్నదే లేదని. 2020లో బీఎస్6 అనే పొగ రూల్సు వచ్చినప్పుడు చాలా పోయాయి, 2023లో రూల్సు ఇంకా బిగించాక హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నాల్లో మిగిలినవీ పోయాయి. మారుతి సియాజ్ అయితే 2025లో బండే ఆపేశారు. ఇప్పుడున్నవన్నీ పెట్రోళ్ళే. మామూలు పెట్రోలు, ఇంజనులోకి గాలి ఎక్కువ నెట్టి జోరు పెంచే టర్బో పెట్రోలు, లేదంటే పెట్రోలుకి తోడు కరెంటు మోటారుండే హైబ్రిడ్.

టర్బో నడిపాను. వెర్నాది 160 హార్స్‌పవరు, తొక్కగానే వీపు సీటుకి అతుక్కుపోయింది, ఈయన చెయ్యి తలుపు పైన హ్యాండిల్ మీదకి వెళ్ళింది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌లో 1.5 ఇంజను నాకు ఎక్కువ నచ్చింది. నెమ్మదిగా పోతున్నప్పుడు నాలుగు సిలిండర్లలో రెండు వాటంతటవే ఆగిపోతాయి, ఇంట్లో ఎవరూ లేని గదిలో లైటు ఆర్పినట్టు. పైగా కింద జానెడు ఖాళీ ఉంది, 179 మిల్లీమీటర్లు. మా గట్టుకి సరిపోతుంది.

హైబ్రిడ్ సిటీ మాత్రం నిజంగా టెంప్ట్ చేసింది. ఊళ్ళో నడిచేటప్పుడు చాలావరకు మోటారే లాగుతుంది, ఇంజను దానికి కరెంటు అందిస్తూ ఉంటుంది. సిగ్నల్ దగ్గర నిశ్శబ్దం. కంపెనీ లెక్క లీటరుకి 26 పైన. ధర 20 లక్షల దగ్గర, అది వేరే ఏడుపు. కానీ డిక్కీ తెరిచి చూస్తే బ్యాటరీ చాలా చోటు తినేసింది. మామూలు సిటీకి 506 లీటర్లుండే డిక్కీ దీంట్లో 306. తెనాలి నుంచి వచ్చేటప్పుడు అమ్మ పెట్టే రెండు బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీ, కొబ్బరికాయల గోతాం ఎక్కడ పెట్టను? చిన్నాడి ఒళ్ళోనా?

పెట్రోలంటే నాకు ఇంకో పేచీ. ఇప్పుడు బంకులో వచ్చేది దాదాపు అంతా 20 శాతం ఇథనాలు కలిపిందే. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి, లీటరు పెట్రోలులో ఉండేదాంట్లో మూడింట రెండొంతులే. కొత్త బండ్లు తట్టుకుంటాయి, నిజమే, మైలేజీ కాస్త తగ్గుతుందంతే. కానీ పాల ధర పెట్టి నీళ్ళపాలు పోయించుకున్నట్టు ఉంటుంది కదా.

ఇక్కడ ఈ బండి కొన్న 2014 గురించి చెప్పాలి. ముక్కలుగా ఎప్పుడో చెప్పే ఉంటాను.

అప్పుడు నా ఆఫీసు పోచారంలో. నిజాంపేట నుంచి పోనూ రానూ రోజుకి 70 కిలోమీటర్లు. కొత్త రాష్ట్రం వచ్చిన వేడి, టీఎస్ నంబర్లు అప్పుడే మొదలయ్యాయి. షోరూములో ఆ అబ్బాయి ఇంజను గురించి అంతా ఈయనకి చెబుతున్నాడు. టార్క్, అంటే ఇంజను లాగే బలం, ఎంతని నేనడిగితే, ఈయన వైపు తిరిగి "200 ఎన్‌ఎమ్ సర్" అన్నాడు. నా వైపు తిరిగి మాత్రం "అద్దం చూపిస్తాను మేడమ్" అని సన్‌వైజరు దించాడు. పాపం ఈయనకి అప్పటికి క్లచ్చుకీ బ్రేకుకీ తేడా సరిగ్గా తెలీదు. తల ఊపుతూ కూర్చున్నారు. నేను హ్యాండ్‌బ్యాగులోంచి నోటుబుక్కు తీశాను.

ఆ లెక్క నేర్పింది నాన్న. ఆర్టీసీ డిపోలో ఇంధనం సెక్షన్‌లో చేసిన మనిషి. డీజిల్ అనడు, హెచ్‌ఎస్‌డీ అంటాడు. మైలేజీ అనడు, కేఎంపీఎల్ అంటాడు. బస్సు లీటరుకి 5 దాటితే ఆ డ్రైవరుకి ఆ పూట టీ ఆయనదే. ముందు రోజు రాత్రి ఫోనులో ఆయన చెబుతుంటే నేను రాసుకున్నాను. పెట్రోలైతే మా ట్రాఫిక్‌లో 13, డీజిలైతే 18. లీటరు మీద తేడా 15 రూపాయల పైనే. కిలోమీటరుకి రెండున్నర మిగులు. నెలకి 1500 కిలోమీటర్లకి 3,750. డీజిల్ బండికి ఎక్కువ పెట్టే లక్షా ఇరవై వేలు 32 నెలల్లో వెనక్కి. కింద రెండు గీతలు గీసి సంతకం కూడా పెట్టించాడు నాతో, ఆడిట్ అవుతుందేమో అన్నట్టు. షోరూము అబ్బాయి ఆ పేజీ చూసి, "మేడమ్ బ్యాంకులో చేస్తారా సర్?" అని అడిగాడు. మళ్ళీ ఈయననే!

కొన్న కొన్నాళ్ళకే, అక్టోబరులో, డీజిల్ ధర మీద కంట్రోలు ఎత్తేశారు. ఆ రాత్రి నాన్నకి నిద్ర లేదు, "నీ చేత తప్పు లెక్క వేయించానేమోనే" అని. తీరా చూస్తే ముడిచమురు ధర పడిపోయి డీజిల్ తగ్గింది. 32 నెలలన్నది దాదాపు 32 నెలల్లోనే తీరింది. ఇంట్లో ఒక్కరూ ఆ సంగతి ఎత్తరు. ఆ నెల నేనే స్వీట్లు కొనుక్కొచ్చి, ఎందుకో చెప్పకుండా పంచాను.

ఇక్కడిదాకా రాసి నాకే అనుమానం వచ్చింది. ఆ లెక్క ఎప్పటిది? ఇప్పుడు ఆఫీసు 9 కిలోమీటర్లు, అదీ వారానికి రెండు రోజులు. నెలంతా కలిపి 400 తిరిగితే గొప్ప. 2025 చివరి ధరలైతే డీజిల్ 96కి కాస్త తక్కువ, పెట్రోలు 107 పైన. ఇప్పుడు బండి ఇచ్చే మైలేజీతో ఇదే లెక్క మళ్ళీ వేస్తే నెలకి మిగిలేది నాలుగైదు వందలు. టైమింగు, ఇంజెక్టర్లంటూ మెకానిక్ ఏడాదికోసారి దానికి పదింతలు లాగుతాడు. పోయినసారి అతనే అన్నాడు, ఇంజను వేడెక్కే లోపు ఆపేస్తున్నారు మేడమ్, లోపలంతా మసి పడుతోంది, ఆదివారం ఒకసారి రింగు రోడ్డెక్కించి తోలండి అని. అలా మేము కొన్ని ఆదివారాలు బండికి గాలి మార్పు కోసం అవుటర్ మీద తిరిగి వస్తున్నాం. మనుషులకి కూడా అంత సేవ లేదు. రెండువేల ఆర్పీఎమ్ దాటాక అది గుర్రుమని లాగుతుంటే మాత్రం, టర్బో గిర్బో ఏమీ గుర్తురాదు.

సరే, అమ్మేద్దామనే అనుకున్నాను భోజనాలయ్యాక. అమ్మే ముందు దెబ్బ ఎంత తగిలిందో చూద్దామని టార్చి పట్టుకుని సెల్లార్లోకి దిగాను. నేల మీద వెల్లకిలా పడుకుని కిందకి చూస్తే సైలెన్సరు పైపు మీద వేలెడు పొడవున తళతళా గీత. ఎలాగూ టేపు చేతిలో ఉంది కదా అని వెనక వైపు నేల నుంచి కొలిచాను. కొత్తలో ఖాళీ బండికి 16.5 సెంటీమీటర్లు ఉండాలి. 15కి తక్కువ వచ్చింది. మళ్ళీ కొలిచాను. అంతే. నలుగురు ఎక్కి, డిక్కీ నిండితే ఇంకెంత దిగుతుందో మరి. పదకొండేళ్ళుగా బియ్యం బస్తాలు మోసిన వెన్ను అది. బ్రేకరు ఎత్తు తప్పే, అది వదలను. కానీ మిగతా సెడాన్ల వాళ్ళు గ్రూపులో ఎందుకు నోరెత్తలేదో అప్పుడర్థమైంది.

పైకొచ్చి నాన్నకి ఫోను చేశాను. అంతా విని, "కాయిల్ స్ప్రింగులు కుంగాయే అమ్మాయ్. బస్సుకైతే కమాన్ పట్టీలు మారుస్తాం, బస్సుని మారుస్తామా?" అన్నాడు. వెనక రెండూ, షాకబ్జార్లూ కలిపి మార్పించమన్నాడు. అల్లుడుగారు కొత్త బండి అంటున్నారంటే కాసేపు మాట్లాడలేదు.

తర్వాత మామూలు ప్రశ్న. "కేఎంపీఎల్ ఎంతొచ్చింది ఈసారి?"

పోయినసారి ట్యాంకు నింపిన దగ్గర్నుంచి నిన్న నింపేదాకా కట్టిన లెక్క ఇంకా డాష్‌బోర్డులోనే ఉంది. 13.6.

"17" అన్నాను.

"పర్లేదే, ముసలిదానికి" అన్నాడు. "ఉండు, రాసుకుంటున్నా."