అమ్మమ్మకు తెలుగులో చెప్పాలి

మా అబ్బాయికి 11 ఏళ్లు. డల్లాస్‌లోనే పుట్టాడు. వీడియో గేమ్ కొనాలంటే మా ఇంట్లో ఒక నియమం ఉంది. డబ్బా వెనక, ఆ ఆట ఏ వయసువారికో చెప్పే రేటింగ్ అక్షరం పక్కన రాసి ఉన్న మాటలను తెనాలిలోని అమ్మమ్మకు ఫోనులో తెలుగులో చెప్పాలి. చెప్పగలిగితేనే కొంటాం.

మొదట్లో నేను కంపెనీ పేరు చూసి కొనేదాన్ని. నూనె, పసుపు కొనేటప్పుడు మా అమ్మ నేర్పిన అలవాటది. నింటెండో అంటే పిల్లలది, రాక్‌స్టార్ అంటే పెద్దలది, అంతే.

నింటెండోకు ఆ పేరు ఊరికే రాలేదు. 1993లో ‘మోర్టల్ కోంబాట్’ అనే కొట్లాట ఆట ఇళ్లలో ఆడుకునే యంత్రాలకు వచ్చినప్పుడు నింటెండో అందులోని రక్తాన్ని తీయించి, బూడిదరంగు చెమటగా మార్పించింది. దాని పోటీ కంపెనీ సెగా మాత్రం మీటలను ఒక వరుసలో నొక్కితే రక్తం కనిపించేలా ఉంచింది. సెగాదే ఎక్కువ అమ్ముడైంది. ఆ డిసెంబరులో అమెరికా సెనేట్ ఈ ఆటల మీద విచారణ జరిపింది. 1994లో పరిశ్రమే ఈఎస్‌ఆర్‌బీ అనే సంస్థతో ఈ రేటింగులను పెట్టుకుంది. అదే ఏడాది ఆ ఆట రెండో భాగం నింటెండో యంత్రం మీద రక్తంతోనే వచ్చింది! అది చదివాకే నాకు అర్థమైంది, కాపలా పని కంపెనీ నుంచి డబ్బా మీది అక్షరానికి, అక్కడి నుంచి నాకు మారిందని.

మా నాన్న పేకముక్కలను గడప దాటనిచ్చేవారు కాదు. నింటెండో 1889లో క్యోటోలో మొదలైంది పేకముక్కల తయారీతోనే. హనఫుడా అనే ఆ ముక్కలతో జూదమూ ఆడేవారు. నాన్న లెక్క ప్రకారం ఆ పేరే ఇంట్లోకి రాకూడదు.

పోయిన వేసవిలో మా అబ్బాయి ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5’ కావాలన్నాడు. 17 ఏళ్లు దాటినవారికని దాని మీద ‘ఎమ్’ అక్షరం ఉంటుంది. “రాక్‌స్టార్ వాళ్లు 2006లో టేబుల్ టెన్నిస్ ఆట కూడా చేశారమ్మా” అని వాదించాడు. నిజమే, వెతికి చూశాను. అందులో బంతీ బ్యాటూ తప్ప ఏమీ లేదు. “అదైతే కొంటాను. దీని సంగతి అమ్మమ్మకు చెప్పు” అన్నాను. వెనక ఉన్న వరుసను మనసులో చదువుకున్నాడు. ఫోను ముట్టుకోలేదు.

తర్వాత ‘సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్’ తెచ్చాడు. నింటెండోదే, పదేళ్లు దాటినవారికి. “కార్టూన్ వయొలెన్స్ అంటే బొమ్మల కొట్లాట అమ్మమ్మా. కామిక్ మిస్చీఫ్ అంటే...” కాసేపు ఆలోచించి “కోతి వేషాలు” అన్నాడు. మా అమ్మ పకపకా నవ్వింది. మూడోది ‘సజెస్టివ్ థీమ్స్’. అక్కడ ఆగిపోయి నా వైపు చూశాడు. నాకూ తెలుగు మాట తట్టలేదు. ఫోను పెట్టేసి, ఇద్దరం వంటింటి బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. మనుషులను ఎలా చూపిస్తారు, ఎందుకు అలా చూపిస్తారు అని. ఈ దేశంలో వాడితో అంత విడమరచి తెలుగులో మాట్లాడింది ఆ రోజే.

మర్నాడు వాడే ఫోను చేశాడు. “బట్టలు, నిలబడే తీరు కొంచెం పెద్దవాళ్ల సినిమాలాగా ఉంటాయి అమ్మమ్మా.”

“అలాంటివి నీకెందుకురా?”

“వస్తే అమ్మను పిలుస్తాను.”

అమ్మమ్మ సరే అంది.