బాస్ గొంతే, బాస్ మొహమే... కానీ బాస్ కాదు

అరూప్ అనే ఇంజనీరింగ్ కంపెనీ సంగతి విన్నారా? 2024లో బయటపడింది. హాంకాంగ్ ఆఫీసులో ఒక ఉద్యోగికి సీఎఫ్ఓ (కంపెనీ డబ్బు వ్యవహారాలు చూసే పెద్దాయన) పేరుతో మెయిల్ వచ్చింది, మొదట అతనికి అనుమానం కూడా వచ్చిందంట, కానీ తర్వాత వీడియో కాల్‌లో సీఎఫ్ఓ, తోటి ఉద్యోగులు అందరూ కనపడేసరికి నమ్మేసి 15 సార్లుగా 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు. ఆ కాల్‌లో మిగతా వాళ్ళంతా ఏఐతో తయారుచేసిన నకిలీ మొహాలు, గొంతులు, అంటే డీప్‌ఫేక్‌లే!

అదే ఏడాది ఫెరారీలో ఒకాయనకి సీఈఓ గొంతుతో ఫోన్ వస్తే, "మొన్న మీరు నాకు చెప్పిన పుస్తకం పేరేంటి సార్" అని అడిగాడు, అవతలోడు ఫోన్ పెట్టేశాడు. భలే నచ్చింది నాకు. లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ కాదు, ఒక్క ప్రశ్న.

మా అన్నయ్యకి హోల్‌సేల్ షాపు ఉంది. నేను చెప్పింది ఇంతే, అర్జెంటుగా డబ్బు పంపమని ఎవరు అడిగినా కాల్ కట్ చేసి మన దగ్గరున్న పాత నంబర్‌కే తిరిగి చెయ్యి, పెద్ద మొత్తమైతే ఇద్దరు ఓకే అనాలి, పొరపాటున పంపేస్తే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కొట్టు. ఫోన్‌లో నిజంగా మనవాళ్ళేనా అని తేల్చుకోడానికి షాపు వాళ్ళు ఓ సీక్రెట్ మాట కూడా పెట్టుకున్నారు, అదేంటో నాకే చెప్పట్లేదు 😄