గడ్డిలో గీత: నా నడక పుస్తకం, నాలుగో వారం

నడకనే కళగా మలచినవారి పద్ధతులను ఒక్కొక్కటిగా మా బెజవాడలో చేసి చూడాలని డిసెంబరు చివర మొదలుపెట్టిన పని నాలుగో వారానికి వచ్చింది. దీనికి కుంచెలూ రంగులూ అక్కరలేదు. ఒక చిన్న నియమం, దానికి కట్టుబడే ఓపిక, చివరికి మిగిలే ఒక ఆనవాలు ఉంటే చాలు.

మొదటి వారం అడుగును కొలుచుకోవడంతోనే సరిపోయింది. సూరినామ్‌లో పుట్టి ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడిన స్టాన్లీ బ్రౌన్ తన అడుగుల లెక్కనే కళాకృతిగా ప్రదర్శించినవాడు కనుక, నేనూ తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీని సీతానగరం వైపుకు లెక్కపెడుతూ దాటాను. సుమారు 1,223 మీటర్లకు 1,910 అడుగులు వచ్చాయి, అంటే అడుగుకు 64 సెంటీమీటర్లు. నోటి లెక్క ఎవరైనా పలకరించగానే తప్పుతుంది. వందకొక చింతపిక్క చొప్పున ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చుకోవడం మేలు.

దారిన పోయేవారిని అడిగి కాగితంపై దారి గీయించుకోవడం కూడా బ్రౌన్ పద్ధతే. బీసెంట్ రోడ్డులో నిలబడి కాళేశ్వరరావు మార్కెట్‌కు దారి గీయమంటే, అందరూ చేయి చూపి "తిన్నగా వెళ్లి అక్కడ ఎవరినైనా అడగండి" అన్నారు. రెండో వారం కాగితం ఖాళీగానే మిగిలింది.

అసలు పని మూడో వారంలో జరిగింది. 1967లో, లండన్‌లో చదువుకుంటున్న 22 ఏళ్ల రిచర్డ్ లాంగ్, రైల్లో ఊరు దాటి ఒక గడ్డి మైదానానికి వెళ్లి, ఒకే వరుసలో అటూ ఇటూ నడిచి, నలిగిన గడ్డి గీతగా కనిపించాక ఫొటో తీసుకున్నాడు. నేను ముందు ఏటి ఇసుకలో ప్రయత్నించి విఫలమయ్యాను. పొడి ఇసుకలో అడుగు నిలవదు, తడి ఇసుకలో విడివిడిగా పడుతుందే తప్ప గీతగా కలవదు. ఆ తరువాత బ్యారేజీకి దిగువన నీరు తీసిన మేరలో చీలమండ ఎత్తు గడ్డి ఉన్నచోట 40 అడుగుల వరుసకు రెండు కొసల్లోనూ పుల్లలు పాతి, ఎదుటి పుల్ల మీదనే చూపు నిలిపి నడిచాను. కాళ్లను చూసుకుంటే గీత వంకరపోతుంది. అరవైసార్లు తిరిగినా ఏమీ తెలియలేదు. నూరు దాటాక, సాయంత్రం ఏటవాలు ఎండలో, ఒక కొసన గొంతుకూర్చుని చూస్తే నలిగిన గడ్డి తళుక్కుమంది. మిట్టమధ్యాహ్నం వెళితే శ్రమంతా వృథా. అరిగిన హవాయి చెప్పులే బూట్లకన్నా బాగా పనిచేశాయి.

గేదెలు తోలుకుపోతున్న ఒకాయన చాలాసేపు చూసి, "ఏమైనా పోగొట్టుకున్నారా అండీ?" అని అడిగారు. గీత గీస్తున్నానంటే నమ్మినట్టు లేదు.

ఈ ఆదివారం వెళ్లేసరికి గడ్డి లేచిపోయి ఉంటుందనుకున్నాను. పుల్లలు లేవు గాని గీత ఉంది. పైగా నేను ఆపినచోట ఆగక, ఒక తుమ్మపొద చుట్టూ వంపు తిరిగి నీటి అంచు దాకా సాగింది. మధ్యలో గిట్టల గుర్తులు, చిన్నపిల్లల పాదాలు. నేను దాని మీద కాలు పెట్టకుండా, పక్కనే నడుస్తూ కొత్త పొడవు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాను: 212 అడుగులు.